నేను తుడిచేసిన లాప్‌టాప్

పదవీ విరమణ రోజున నాకు శాలువా కప్పిన పెద్దాయన మైకు ముందు ఒక మాట అన్నారు. ఇన్నేళ్ల సర్వీసులో వసంత గారి చేతిలో ఎవరి ఫైలూ ఒక్కటి కూడా పోలేదని. అందరూ చప్పట్లు కొట్టారు. నేను లేచి దండం పెట్టి మళ్లీ కూర్చున్నాను. ఆ మాట అబద్ధమని ఆ హాల్లో తెలిసింది నా ఒక్కదానికే.

కాలేజీల్లో, యూనివర్సిటీల్లో కంప్యూటర్ల బాగోగులు చూసే ఉద్యోగాలకు కొత్తగా వస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నాకు ఏ ఏడు ఏ గ్రేడు వచ్చిందో, ఏ ఫైలు ఎక్కడ ఆగిందో మీకు అనవసరం. ఒక లాప్‌టాప్ గురించీ, దాన్ని నా దగ్గరికి తెచ్చిన మనిషి గురించీ చెబుతాను. నేను చేసిన ఒక తప్పు, దాన్ని కప్పిపుచ్చడానికి చేసిన ఇంకో తప్పు. మొదటిది ఎవరైనా చేస్తారు. రెండోది నేను చేశాను.

కౌంటర్ వెనక

మా నాన్నగారిది రైల్వే ఉద్యోగం. తెనాలి నుంచి బదిలీ మీద వచ్చి తార్నాకలో ఇల్లు తీసుకున్నారు. నేను చదివిందీ, తర్వాత ఉద్యోగం చేసిందీ ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న యూనివర్సిటీలోనే. కంప్యూటర్ సెంటర్ అంటే వినడానికి గొప్పగా ఉంటుంది. మాది ఒక పాత రాతి భవనంలో కింది అంతస్తు. వానాకాలం గోడలు చెమ్మగిల్లేవి. ముందు గదిలో పొడవాటి కౌంటర్, దాని వెనక మేం, దాని ముందు పాడైన కంప్యూటర్లు పట్టుకుని నిలబడ్డ జనం.

వాళ్లలో సగం మంది భయంతో వస్తారు. భయపడ్డ మనిషి ఉన్నది ఉన్నట్టు చెప్పడు. తను నొక్కింది నొక్కలేదంటాడు, దాచుకోనిది దాచుకున్నానంటాడు. యంత్రం బాగుచేయడం కొన్నేళ్లలో ఎవరికైనా వస్తుంది. ఆ భయం మాటల్లోంచి అసలు సంగతి ఏరుకోవడం చాలామందికి ఉద్యోగం అయిపోయేదాకా రాదు.

నాకు అది నేర్పాలని చూసినాయన మొయిన్ సాబ్. నేను చేరేనాటికే ఆయన సెంటర్‌లో మెకానిక్. వారాసిగూడ నుంచి సైకిల్ మీద వచ్చేవారు. డిగ్రీ లేదు కాబట్టి ఆయన పేరు ఏ రిపోర్టులోనూ కనిపించదు. సెంటర్ నడిచింది మాత్రం ఆయన చేతుల మీద.

కొత్తలో నేను ఏ మిషన్ వచ్చినా గబగబా విప్పేదాన్ని. ఒకరోజు ఆయన నా చేతిలోంచి స్క్రూడ్రైవర్ తీసుకున్నారు.

"బేటీ, ముందుగాల మిషన్‌ను కాదు, మనిషిని అడుగు. ఆఖరున ఏం చేసినవని అడుగు. ఇప్పుడు ఏం కనిపిస్తున్నదని అడుగు. ఇది పోతే నీకు ఏం పోతదని అడుగు. మూడోదానికి జవాబు రాకుంటే చెయ్యి పెట్టకు."

ఆయన చెప్పినట్టే చేసేవారు. ఒకసారి ఒక శాఖాధిపతి తన కంప్యూటర్ ఆలస్యంగా నడుస్తోందని ఆయన మీద కేకలు వేశారు. మొయిన్ సాబ్ ఆయన్ని కూర్చోబెట్టి, టీ తెప్పించి, మూడో ప్రశ్న అడిగారు. పరీక్షల ప్రశ్నపత్రాలన్నీ అందులోనే ఉన్నాయని తేలింది. ముందు వాటిని కాపీ తీసి, ఆ తర్వాతే మిషన్ విప్పారు. ఆ మధ్యాహ్నమే డిస్క్ చచ్చిపోయింది. శాఖాధిపతి కాపీలు తీసుకుని, ఒక్క మాట అనకుండా వెళ్లిపోయారు. అలాంటివి మనసులో పెట్టుకోకూడదని కూడా ఆ రోజే నేర్చుకున్నాను.

మొయిన్ సాబ్ రిటైరై, కొన్నేళ్లకు పోయారు. నేను సీనియర్‌నయ్యాను. సీనియర్లకు ఒక జబ్బు వస్తుంది. ఎదుటివాడు నోరు తెరవకముందే సంగతి తెలిసిపోయిందనుకుంటాం. ఒక రకంగా తెలుస్తుంది కూడా. పదిసార్లలో తొమ్మిదిసార్లు మనం అనుకున్నదే నిజమవుతుంది. దానివల్లే ఆ జబ్బు ముదురుతుంది.

నర్సింహ

నర్సింహ భూగర్భశాస్త్రంలో రీసెర్చ్ స్కాలర్. నల్లగొండ వైపు పల్లె. ఆ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి. సన్నగా, ఎప్పుడూ ఎక్కడికో వెళ్లే బస్సు తప్పిపోతున్నట్టు తొందరగా నడిచేవాడు. అతని పరిశోధన భూగర్భజలాల మీద. తన ఊరి చుట్టుపక్కల కొన్ని బోర్లలో నీటిమట్టం కొలిచే చిన్న పరికరాలు దింపాడు. అవి గంట గంటకూ నీళ్లు ఎంత లోతున ఉన్నాయో తమలో రాసుకుంటాయి. నర్సింహ నెలకొకసారి ఊరెళ్లి, ఒక్కో బోరు దగ్గర పరికరాన్ని పైకి లాగి, లాప్‌టాప్‌కు తగిలించి ఆ లెక్కలు దింపుకునేవాడు. పరికరంలో చోటు తక్కువ కాబట్టి దింపుకోగానే దాన్ని ఖాళీ చేసేవాడు. అట్లా మూడేళ్లు తిరిగాడు.

ఆ లెక్కల మీద పనిచేసే సాఫ్ట్‌వేర్, విండోస్‌కు బదులు వాడే లినక్స్ మీదే బాగా నడుస్తుందని అతని లాప్‌టాప్‌లో లినక్స్ ఎక్కించింది నేనే. అప్పటినుంచి ఏ చిన్న ఇబ్బంది వచ్చినా కౌంటర్ దగ్గరికి వచ్చేవాడు. పని అయ్యాక కాసేపు మాట్లాడేవాడు. వాళ్ల నాన్న వేయించిన బోర్లు ఒకదాని తర్వాత ఒకటి ఎండిపోయాయట. కొడుకు కంప్యూటర్ పట్టుకుని బోర్ల చుట్టూ తిరుగుతుంటే ఊళ్లోవాళ్లు నవ్వేవారట. వాళ్ల నాన్న మాత్రం అందరితో, నీళ్లు ఎటు పోతున్నాయో చెప్పేవాడు ఊరికి ఒక్కడైనా ఉండాలి కదా అనేవాడట. ఆ మాట చెప్పేటప్పుడు నర్సింహ గొంతులో సిగ్గూ గర్వమూ రెండూ ఉండేవి.

ఒక వానాకాలం పొద్దున, సెంటర్ తలుపులు తీసేసరికే అతను మెట్ల మీద నిలబడి ఉన్నాడు. లాప్‌టాప్‌ను ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఛాతీకి అదుముకున్నాడు.

"నిన్న అప్‌డేట్ వచ్చింది మేడం. నొక్కిన. మల్ల ఆన్ చేస్తే ఏం కనిపిస్తలేదు."

ఆన్ చేసి చూశాను. కంపెనీ గుర్తు ఒక్క క్షణం కనిపించి పోయింది. తర్వాత తెరంతా నలుపు. లోపల ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు వస్తోంది. ఆ చప్పుడు నేను విన్నాను. ఇప్పటికీ నాకు మింగుడుపడని విషయం అది.

తుడిచిన పూట

మర్నాడు యూనివర్సిటీకి తనిఖీ బృందం రాబోతోంది. డైరెక్టర్ గారు పొద్దున్నుంచీ గది గదికీ తిరుగుతున్నారు. ఆయన భౌతికశాస్త్రం ప్రొఫెసర్. మా సెంటర్‌కు అదనపు బాధ్యతగా వచ్చారు. మనిషి చెడ్డవాడు కాదు. బల్లలు ఖాళీగా కనిపిస్తే పని జరిగినట్టు లెక్క ఆయనకు. కౌంటర్ మీద పేర్చి ఉన్న ఆరేడు మిషన్లు చూసి ఆగారు.

"ఇవన్నీ ఏంటి మేడం? మనది రిపేర్ షాపు అనుకుంటారు వచ్చినవాళ్లు. తెర రానివన్నీ తుడిచేసి కొత్తగా ఎక్కించి ఇచ్చేయండి. గంటలో అయిపోతుంది కదా."

నాకు కోపం వచ్చింది. అయినా లోపల నేనూ అదే అనుకున్నాను. అప్‌డేట్ మధ్యలో చెడిపోయినవాటిని వెతుక్కుంటూ కూర్చుంటే సాయంత్రం అవుతుంది, కొత్తది ఎక్కిస్తే తేలిగ్గా పోతుంది అని. తప్పు సలహా ఆయనది. దాని ప్రకారం చేసిన వేళ్లు నావి. ఆ వేళ్లకు అంతకన్నా బాగా తెలుసు.

నర్సింహను అడిగాను, బ్యాకప్ ఉందా అని.

"ఉన్నది మేడం. అంత మెయిల్ల ఉన్నది."

కొత్తగా ఎక్కిస్తానని చెప్పాను. తలూపాడు. మధ్యాహ్నం భోజనం అయ్యాక రమ్మన్నాను.

ఈ రెండు మాటల దగ్గర కాసేపు ఆగండి. బ్యాకప్ అంటే నా ఉద్దేశం లాప్‌టాప్‌లో ఉన్నదంతా. అతని ఉద్దేశం గైడ్‌కు మెయిల్ చేసిన థీసిస్ అధ్యాయాలు. కొత్తగా ఎక్కించడం అంటే నా లెక్కలో ఉన్నదంతా తుడిచేసి మళ్లీ మొదలుపెట్టడం. అతని లెక్కలో తలుపుకు కొత్త తాళం బిగించడం లాంటిది, ఇంట్లో సామాను ఎక్కడిదక్కడే ఉంటుంది. ఒకే మాట ఇద్దరం రెండు రకాలుగా అనుకుని విడిపోయాం. మొయిన్ సాబ్ మూడో ప్రశ్న నేను అడగలేదు.

పెన్‌డ్రైవ్ పెట్టాను. డిస్క్ మొత్తం తుడిచేయాలా అని అడుగుతుంది. అవునని నొక్కాను. అప్పటికి అలా కొన్ని వందలసార్లు నొక్కి ఉంటాను. చేయి ఆగలేదు. అరగంటలో కొత్త తెర నిండుగా వెలిగింది. మిషన్‌ను పక్కకు జరిపి రెండోది అందుకున్నాను. నాకు తృప్తిగా కూడా అనిపించింది.

మధ్యాహ్నం నర్సింహ వచ్చాడు. తెర చూడగానే మొహం విప్పారింది. కౌంటర్ మీదే తెరిచి అటూ ఇటూ వెతికాడు. ఇంకోసారి వెతికాడు.

"రీడింగ్స్ ఫోల్డర్ ఏడున్నది మేడం?"

మెయిల్లో ఉన్నాయన్నావు కదా అన్నాను. మెయిల్లో ఉన్నది చాప్టర్లు అన్నాడు. మొదటి ఏడాది సారాంశం కూడా ఉందన్నాడు. బోర్ల రీడింగులు పెద్ద ఫైళ్లు, మెయిల్లో పట్టవు. పరికరాల్లో ఏమైనా మిగిలి ఉంటాయా అని అడిగాను. ఎప్పటికప్పుడు ఖాళీ చేశానన్నాడు.

డైరెక్టర్ గారు తలుపు దగ్గర ఎవరితోనో మాట్లాడుతున్నారు. కౌంటర్ ముందు ఇంకో నలుగురు నిలబడి చూస్తున్నారు. నేను నోరు తెరిచాను. వచ్చిన మాట ఇది.

"అప్‌డేట్ మధ్యలో చెడిపోయి లోపల ఉన్నదంతా ముందే పోయింది నర్సింహా. అందుకే కొత్తగా ఎక్కించాల్సి వచ్చింది."

నేను లోపల చూడనే లేదు. ఉందో పోయిందో నాకు తెలియదు. అయినా అంత స్థిమితంగా చెప్పాను. అతను లాప్‌టాప్ వైపు చూస్తూ నిలబడ్డాడు. "నేనే నొక్కిన గదా" అన్నాడు. నాతో అన్నట్టు లేదు.

నేనేమీ అనలేదు. ఆ మౌనం కూడా నా అబద్ధంలో భాగమే.

ఆ తర్వాత కోఠిలో పోయిన ఫైళ్లు తీసే షాపుకు తీసుకెళ్లాడట. ఏమీ రాలేదు. ఆ లాప్‌టాప్‌లో ఉన్నలాంటి ఎస్‌ఎస్‌డీ డిస్క్‌లు తుడిచేటప్పుడు పాత రాతలను నిజంగానే వదిలేసుకుంటాయి. పాత తిరిగే డిస్క్‌లలో లాగా వెనక గీతలు మిగలవు. అది కూడా నాకు తెలుసు.

కాగితం

గైడ్ గారు రీడింగులు లేకుండా థీసిస్ ఒప్పుకోనన్నారు. పోయిన వానలూ పోయిన ఎండలూ మళ్లీ కొలవడం కుదరదు. కొత్తగా మొదలుపెట్టాలంటే గడువు పొడిగించాలి. దానికి సాంకేతిక కారణం వల్ల డేటా పోయిందని కంప్యూటర్ సెంటర్ నుంచి కాగితం కావాలన్నారు.

నర్సింహ వచ్చి అడిగాడు. డైరెక్టర్ గారు నన్ను గదిలోకి పిలిచి, సెంటర్ మీదికి రాకుండా రాయమన్నారు. ఆయనకు అసలు సంగతి నేను చెప్పలేదు. ఆయన అడగలేదు. నేనే టైపు చేశాను. పరిశోధకుడు స్వయంగా చేసిన సిస్టం అప్‌డేట్ కారణంగా డేటా నష్టం జరిగింది, సెంటర్‌కు తెచ్చేసరికి తిరిగి పొందే వీలు లేదు. కింద నా సంతకం.

గడువు సంగతి చూసే కమిటీ ఆ కాగితం చదివి, సొంత అజాగ్రత్తకు గడువు పెంచలేమని రాసింది. ఫెలోషిప్ ఆగిపోయింది. కొన్నాళ్లు హాస్టల్లో స్నేహితుల గదుల్లో ఉన్నాడని విన్నాను. తర్వాత కనిపించలేదు.

డైరెక్టర్ గారి పదవీకాలం అయిపోయి తన శాఖకు వెళ్లిపోయారు. ఆయనకు నర్సింహ పేరు కూడా గుర్తుండదు. పై అధికారుల గురించి నా అనుభవంలో తేలింది ఒక్కటే. వాళ్లు తొందరపెడతారు, అది వాళ్ల పని. ఆ తొందరను చేతిదాకా రానివ్వకపోవడం మన పని. వాళ్లు చెప్పారు కాబట్టి చేశాననే మాట నేను చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. ఒక్కసారి కూడా నిద్ర పట్టించలేదు ఆ మాట.

శ్రావణి లాప్‌టాప్

రెండేళ్ల తర్వాత శ్రావణి అనే ఎమ్మెస్సీ అమ్మాయి ఒక లాప్‌టాప్ తెచ్చింది. నర్సింహ దగ్గర ఉన్న మోడలే. అదే లినక్స్. అప్‌డేట్ అయ్యాక తెర నల్లగా ఉండిపోయిందని చెప్పింది. గుర్తు ఒక్క క్షణం కనిపించి పోయింది. ఫ్యాన్ తిరుగుతోంది.

ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుంటూనే, "క్యాప్స్ లాక్ నొక్కితే లైట్ వస్తున్నది మేడం, మరి లోపల నడుస్తున్నట్టేనా?" అంది.

నడుస్తున్నట్టే. నాకు అప్పుడు డైరెక్టర్ లేరు, తనిఖీ లేదు, కౌంటర్ ముందు ఎవరూ లేరు. ఆన్ చేస్తూనే మెనూ వచ్చే మీట నొక్కాను. లినక్స్‌లో కెర్నల్ అనే భాగం ఉంటుంది. యంత్రంలోని ఒక్కో పరికరాన్నీ పనిచేయించేది అదే. అప్‌డేట్‌లో కొత్త కెర్నల్ వచ్చినా పాతదాన్ని తీసేయదు, పక్కన ఉంచుతుంది. మెనూలో పాతదాన్ని ఎంచుకున్నాను.

తెర వెలిగింది. ఆ అమ్మాయి పెట్టుకున్న పూల బొమ్మ, దాని మీద ఫోల్డర్లు, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. మొత్తం కలిపి పది నిమిషాలు పట్టలేదు.

జరిగింది చాలా చిన్న విషయం. ఆ మోడల్‌లో బొమ్మలు చూపించడానికి విడిగా ఒక చిప్ ఉంటుంది. దాన్ని నడిపే డ్రైవర్ అనే ప్రోగ్రాం కొత్త కెర్నల్‌కు సరిపడేట్టు తయారు కాలేదు. అందుకని తెర మీదికి ఏదీ రాలేదు. లోపల అంతా మామూలుగానే నడుస్తోంది. డ్రైవర్‌ను మళ్లీ ఎక్కించగానే కొత్త కెర్నల్‌తోనూ తెర వచ్చింది.

శ్రావణి నా చేయి పట్టుకుని థ్యాంక్స్ చెప్పింది. నేను ఆ అమ్మాయిని పంపించేసి, సెంటర్ వెనక్కి వెళ్లి గోడకు ఆనుకుని నిలబడ్డాను. అంతవరకూ, ఏమో, నిజంగానే ముందే పోయిందేమో అని ఒక చిన్న సందు పెట్టుకుని బతికాను. ఆ సందు మూసుకుపోయింది. నర్సింహ మూడేళ్ల రీడింగులు ఆ పొద్దున నా ముందే ఉన్నాయి. ఫ్యాన్ చప్పుడు చేస్తూ నడుస్తున్న యంత్రంలో భద్రంగా ఉన్నాయి.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు చేతిపని సంగతి ఇక్కడే చెప్పేస్తాను. తెర నల్లగా ఉందంటే కంప్యూటర్ పోయినట్టు అనుకోకండి. క్యాప్స్ లాక్ దీపం చూడండి. తెర వెలుతురు తగ్గిపోయి ఉందేమో, బయటి మానిటర్ తగిలిస్తే వస్తుందేమో చూడండి. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మీటలు కలిపి నొక్కితే ఉత్త అక్షరాల తెర వస్తుందేమో చూడండి. అది వస్తే సగం పని అయినట్టే. పాత కెర్నల్‌తో తెరవండి. ఏదీ కుదరకపోతే పెన్‌డ్రైవ్ మీద నడిచే లినక్స్‌తో తెరిచి, లోపలున్నదంతా ముందు ఇంకో డిస్క్‌లోకి కాపీ చేయండి. ఆ తర్వాతే ఏదైనా. బ్యాకప్ ఉందా అని అడగకండి. ఎక్కడుందో చూపించమనండి. వాళ్లు తెరిచి చూపించాక, మీ కళ్లతో మీరు చూడండి.

ఇవి పుస్తకాల్లో కూడా ఉంటాయి. పుస్తకాల్లో లేనిది ఇది. నిజం తెలిసిన ఆ రోజున నర్సింహ ఫోన్ నంబర్ నా దగ్గర ఉంది. మిషన్లు తెచ్చినవాళ్ల నంబర్లు రాసుకునే రిజిస్టర్ నా చేతికందేంత దగ్గరలో ఉంది. నేను ఫోన్ చేయలేదు. సంతకం పెట్టిన కాగితం ఉంది కాబట్టి విచారణ వస్తుందని భయపడ్డాను. పేరు పోతుందని భయపడ్డాను. రిటైరయ్యాక చెబుదామనుకున్నాను. అట్లా నాలుగేళ్లు గడిపాను.

అపార్ట్‌మెంట్ బోరు

రిటైరైన మొదటి వేసవిలో మా అపార్ట్‌మెంట్ బోరు ఎండిపోయింది. తార్నాకలో ఆ వీధి మొత్తం అదే పరిస్థితి, పొద్దున లేస్తే ట్యాంకర్ల హారన్లే. కొత్త బోరు ఎక్కడ వేయాలో చూపించడానికి ఒక కంపెనీ నుంచి మనిషి వస్తాడని అసోసియేషన్ వాళ్లు చెప్పారు. పది గంటలకు కిందికి దిగితే, సెల్లార్ పక్కన నేలలో ఇనుప మేకులు దిగ్గొట్టి వాటికి వైర్లు తగిలిస్తూ నర్సింహ కనిపించాడు.

కాస్త లావయ్యాడు. జుట్టు పలచబడింది. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు.

"బాగున్నరా మేడం? మీరు గీడనే ఉంటరా?"

నేను తలూపాను. అతనే మాట్లాడాడు. పెళ్లయిందట, గోల్నాకలో ఉంటున్నారట, ఒక పాప. బోర్లు వేసే కంపెనీలో పాయింట్లు చూపించే పని. డిగ్రీ పూర్తి కాలేదు కాబట్టి ఇంకెక్కడా తీసుకోలేదట. ఇక్కడ నీళ్లు పడతాయా అని అడిగాను, ఏదో ఒకటి అడగాలి కాబట్టి.

అతను వైర్లు తగిలించిన మీటర్ వైపు చూసి గొంతు తగ్గించాడు. "పడవు మేడం. పడవని రాస్తే కంపెనీ ఊకోదు. ఏడనో ఒక కాడ చూపియ్యాలె."

పైకి వెళ్లి టీ పెట్టి తెచ్చాను. కప్పు అతని చేతికిచ్చాక, ఇంక ఆగితే ఈ జన్మకు చెప్పలేననిపించింది. చెప్పేశాను. లాప్‌టాప్ లోపల నేను చూడలేదని, తెర మాత్రమే పోయిందని, అతని రీడింగులు అందులోనే ఉన్నాయని, తుడిచింది నేనని, ఆ కాగితం కూడా నేనే రాశానని. శ్రావణి లాప్‌టాప్ సంగతి చెప్పాను. ఆ తర్వాత కూడా నాలుగేళ్లు ఊరుకున్నానని చెప్పాను. క్షమించమని అడగలేదు. అడిగే మొహం లేదు.

అతను టీ తాగలేదు. కప్పును పిట్టగోడ మీద పెట్టి, దాన్నే చూస్తూ ఉన్నాడు. వాచ్‌మన్ వచ్చి ఏదో అడిగితే చేత్తో ఆగమన్నాడు.

"అంటే అప్‌డేట్ నొక్కినందుకు పోలేదా?"

"పోలేదు."

"పాత కెర్నల్ల పెట్టి ఉంటే వస్తుండెనా?"

"వచ్చేది. పది నిమిషాల్లో వచ్చేది."

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. అతను నేల మీద కూర్చుని, మేకులకు తగిలించిన వైర్లు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాడు. విప్పుతూనే మాట్లాడాడు. ఇప్పటికీ ఫోన్‌లో అప్‌డేట్ వస్తే నొక్కడట. భార్య నవ్వుతుందట. వాళ్ల నాన్న ఆ రోజుల్లో ఊరు ఊరంతా చెప్పుకున్నాడట, మావాడు ఒక్క బటన్ నొక్కి మూడేండ్ల కష్టం మట్టిపాలు చేసుకున్నాడని. తర్వాత తండ్రీకొడుకుల మధ్య మాటలు తగ్గిపోయాయట. పండక్కి వెళ్లినా వానల గురించి రెండు మాటలు, అంతేనట.

వైర్లు చుట్టడం అయిపోయింది. జేబులోంచి ఫోన్ తీశాడు.

"మా నాయినకు మీరే చెప్పాలె మేడం. నేను చెప్తే నమ్మడు."

నంబర్ కలిపి నా చేతికిచ్చాడు. అవతల ముసలి గొంతు, ఎవరమ్మా అంది. నా పేరు చెప్పాను. యూనివర్సిటీలో కంప్యూటర్ల దగ్గర పనిచేసినదాన్నని చెప్పాను.

"మీ అబ్బాయి తప్పేమీ లేదండీ. అతను నొక్కినందుకు ఏదీ పోలేదు. కంప్యూటర్ బాగానే ఉంది. చూసుకోకుండా నేను తుడిచేశాను. తర్వాత అబద్ధం చెప్పాను."

లైను కట్టయిందేమోనని ఫోన్ చూశాను. కాలేదు. ఎక్కడో మోటార్ సైకిల్ పోతున్న చప్పుడు, ఒక దగ్గు.

"వాన్ని మస్తు తిట్టిననమ్మా," అన్నాడాయన. "నల్గురి ముందల తిట్టిన."

నేను నర్సింహ వైపు చూశాను.

"ఫోన్ వానికియ్యి తల్లీ."

ఇచ్చాను. నర్సింహ ఫోన్ చెవికి పెట్టుకుని, నా వైపు వీపు తిప్పి, గేటు దాకా నడిచాడు. అవతల ఏం అంటున్నారో నాకు వినపడలేదు. చివరికి, "ఆఁ నాయినా... విన్న... ఆఁ," అన్నాడు. ఇంకో చేత్తో గేటు కడ్డీ పట్టుకున్నాడు.

అసోసియేషన్ సెక్రటరీ దిగివచ్చి, పాయింట్ ఎక్కడ చూపించాడని నన్ను అడిగాడు. ఇక్కడ నీళ్లు లేవని చెప్పాను. నేను మెట్లెక్కి పైకి వచ్చి చూసేసరికి కూడా నర్సింహ ఆ గేటు దగ్గరే ఉన్నాడు, ఫోన్ చెవి దగ్గరే ఉంది.